ధూళికేతుడి తిరగలి

కామసాని సంచి సర్దుతున్నంతసేపూ తిడుతూనే ఉంది. వేయించిన సామపిండి మూట పెట్టి రాజు రత్నబాహును తిట్టింది. బెల్లం ముక్కను ఆకులో చుట్టి పెట్టి రాజుగారి మాంత్రికుడు ధూళికేతుణ్ణి తిట్టింది. చెకుముకి రాయి, ఉప్పు పొట్లం, మారు పంచె ఒక్కొక్కటీ తోలుసంచిలోకి విసిరింది. ఉలి కోసం ఇల్లంతా వెతికి, అది తమ్ముడి మొలలోనే ఉందని చూసి, ఆ కోపం వాడి మీద తీర్చుకుంది.

"ఇంతమంది మగాళ్ళున్న ఊళ్ళో పెద్దలకి నువ్వే దొరికావా? వాళ్ళకి కళ్ళు లేవా?"

"ఉండబట్టేగా నన్ను చూశారు," అన్నాడు పోలన గడప మీద కూర్చుని చెప్పుల వారు బిగించుకుంటూ. "రాయి సంగతి తెలిసినవాడు కావాలన్నారు. పదేళ్ళుగా మన కట్టలు పేరుస్తున్నది నేనే కదా."

"నోరు పారేసుకునేవాడు కూడా కావాలన్నారా? కోటలో నీ నోరు ఊరుకుంటుందా? ఒక్క మాట జారావంటే ఇద్దరం చస్తాం."

"ఇద్దరమా?"

కామసాని సంచి మూతి బిగించి తన భుజానికే తగిలించుకుంది.

"అది నా సంచి అక్కా."

"నడు," అంది ఆమె.

వాళ్ళ ఊరు పైడిమెట్ట. కొండవాలున నలభై రెండు మెట్లుగా చెక్కిన పొలాలు, ఒక్కో మెట్టుకు ఒక్కో రాతికట్ట, పైన అడవి. అక్కడి మన్ను ఎవరో తెచ్చి పోసింది కాదు. ఒకప్పుడు అదంతా ఏనుగు వీపులాంటి నల్లబండ. పగలు ఎండ దాన్ని కాల్చింది, రాత్రి చలి బిగించింది. కాల్చగా బిగించగా ఎన్నాళ్ళకో వెంట్రుకంత నెర్ర పడింది. నెర్రలోకి వాన దిగింది. బండ మీద రాతిపువ్వు పట్టి తన పులుపుతో రాయిని కొంచెం కొంచెంగా తిన్నది. రాతిపువ్వు చచ్చి పిసరంత పొడి అయితే ఆ పొడిలో నాచు మొలిచింది, నాచు చచ్చినచోట గడ్డి మొలిచింది. గడ్డి వేళ్ళు నెర్రలను చీల్చాయి. చెట్లు వచ్చాయి, ఆకులు రాలి కుళ్ళాయి, ఆ కుళ్ళునూ రాతిపొడినీ వానపాములు మింగి కలిపాయి. బొటనవేలి మందం మన్నుకు పదిహేను తరాలు పట్టింది.

అంత కష్టపడి పుట్టించిన వానే దాన్ని కడుక్కుపోతుంది కూడా. అందుకని ప్రతి ఏడూ వానలు వెలిసిన తరువాత ఊరంతా తట్టలు పట్టుకుని, కిందికి జారిన మన్నును మళ్ళీ పై మెట్టుకు మోసేవారు. మోసి మోసి ఆ ఊళ్ళో ఆడవాళ్ళ నడినెత్తిన జుట్టు పలచబడేది. పొలంలోంచి గట్టెక్కిన ఎవరైనా సరే, కాళ్ళకు అంటిన మన్ను పొలంలోనే రాలేట్టు మడమలు రెండూ ఒకదానికొకటి టపటపా రెండుసార్లు తట్టి గాని కదలరు. నడక వచ్చిన పిల్లకు మొదట నేర్పేది అదే.

అట్లాంటి ఊరి మీదికి పన్నెండు రోజుల కిందట రాజభటులు పారలతో వచ్చిపడ్డారు. పై అడవిని నరికారు. పై పన్నెండు మెట్ల మన్ను జానెడు లోతున గీకి కంచరగాడిదల మీద వేసుకుపోయారు. కింద కొండ ఎముకలు తేలాయి. పోతూ పోతూ చాటింపు వేశారు: జ్యేష్ఠ బహుళ ఏకాదశి మిట్టమధ్యాహ్నం ధూళికేతుడు తను బంధించిన గాలిని పైడిమెట్ట మీదికి వదులుతాడు, మిగిలిన ముప్ఫై మెట్ల మన్నునూ ఒక్క ఊపున లేపి రాజుగారి కోట అయిన చూర్ణదుర్గంలో తోట వేయడానికి కురిపిస్తాడు, జనం అడ్డం రాకూడదు.

గాలిని ఎక్కడ కట్టాడో ఎట్లా కట్టాడో తెలుసుకుని, ఆ పని చెడగొట్టి రావాలి. అదీ పోలన బయలుదేరిన పని.

మూడు రోజుల దారి. మొదటిరోజే ఎర్రవాగు వాళ్ళను మింగబోయింది. అడవి నరికిన ఒడ్డుకు వేళ్ళ పట్టు లేదు. ఇద్దరూ అంచున నడుస్తుండగా ఇల్లంత గడ్డ ఒకటి విరిగి నీళ్ళలో పడింది. దానితో పాటు కామసాని. పోలన పంచె విప్పి విసిరి ఆమెను లాగేసరికి అంచు మళ్ళీ విరిగింది, మళ్ళీ విరిగింది. ముప్ఫై అడుగులు వెనక్కి పరుగెత్తితే గాని కాలికింద నేల నిలవలేదు.

"చూశావా," అంది కామసాని బురద ఉమ్ముతూ. "ఒక్క చెట్టు ఉంచలేదు వెధవలు."

"ముందు అటు తిరుగు. పంచె కట్టుకోవాలి," అన్నాడు పోలన.

రెండో రోజు వాగు దాటి ఒక పల్లెలో కుమ్మరి ఇంట ఆగారు. రాజుగారి తోటకు కుండీలు చెయ్యడానికి కుమ్మరులను తనిఖీ లేకుండా కోటలోకి వదులుతున్నారట. కుండలు తిప్పే అతని పాత సారె అడిగి పుచ్చుకుని, ఒంటికి బంకమన్ను పూసుకుని, అక్కాతమ్ముళ్ళిద్దరూ కుమ్మరులయ్యారు.

మూడో రోజు పొడినేల. చూర్ణదుర్గం చుట్టూ ఆమడ మేర ధూళికేతుడి తిరగలి కక్కిన రాతిపొడే. బూడిదలా తెల్లగా, నీళ్ళలా లోతుగా ఉంటుంది. గడ్డిపోచ లేదు, చీమ లేదు. పోలన నాలుగడుగులు వేసి నడుం దాకా దిగబడ్డాడు. కదిలినకొద్దీ చంకల దాకా వచ్చింది. కామసాని సారెను పొడి మీద పడవేసి, దాని మీద బోర్లా పడుకుని తమ్ముడి జుట్టు పట్టుకుంది.

"జుట్టు కాదక్కా, చెయ్యి."

"చెయ్యి పైన లేదు. నోరు మూసుకో, పొడి పోతుంది."

ఇద్దరూ ఆ సారె మీదే పాకుతూ జరుపుతూ, ఏకాదశి ఉదయానికి కోట వాకిట తేలారు.

ఆ కోట వైభవం చెప్పాలంటే చెప్పాలి. ఏడు ప్రాకారాలు, ఏడింటికీ అద్దంలా నునుపు చేసిన నల్లరాయి. బురుజుల మీద బంగారు కలశాలు, కలశాల మీద పగడపు చిలుకలు. పాలరాతి కొలనుల చుట్టూ మరకతం ఆకులతో, కెంపు పువ్వులతో చేయించిన చెట్లు. ఆ పువ్వుల మీద తుమ్మెద వాలదు కాబట్టి తుమ్మెదలను కూడా నీలాలతో చేయించి తీగలకు వేలాడదీశారు. ఇంత సంపద మీదా వేలి మందం దుమ్ము. దాసీలు నెమలిపింఛాల కుంచెలతో పొద్దస్తమానం దులుపుతూనే ఉన్నారు. రాజోద్యోగులు ముక్కులకు పట్టుగుడ్డలు కట్టుకుని దగ్గుతూ తిరుగుతున్నారు. నడిమధ్యన, పాలరాతి అంచు కట్టిన ఒకే ఒక్క మడిలో ఎర్రని మన్ను. అందులో నిజమైన బంతిమొక్కలు.

"ఏయ్ కుమ్మరీ, ఇది కుండలకు పనికొస్తుందేమో చూడు," అన్నాడు కాపలా భటుడు.

కామసాని చెప్పులు విడిచి మడిలోకి దిగింది. చిటికెడు మన్ను నాలుక మీద వేసుకుంది. నాలుక చివర కాస్త ఉప్పు, ఆ వెనక నానిన కుంకుడాకు వాసన. అది పైనుంచి తొమ్మిదో మెట్టు మన్ను, వాళ్ళ సొంత పొలం. వాళ్ళమ్మ మోసిన మన్ను.

"పనికిరాదు నాయనా," అంది గొంతు పైకి లేవకుండా. "ఇది పంట మన్ను. కాలిస్తే పగులుతుంది."

ఎంత బాగా చెప్పింది. చెప్పి గట్టెక్కింది. ఎక్కి, మడి వైపు తిరిగి, మడమలు రెండూ టపటపా రెండుసార్లు తట్టింది.

ఆ పని తను చేసినట్టు ఆమెకు తెలియనే లేదు. పోలన ముఖం పాలిపోవడం చూశాక తెలిసింది. దారి పొడుగునా వాడి నోటికి తాళం వేస్తూ వచ్చింది, తన కాళ్ళ సంగతి మరిచిపోయింది.

పై మేడలో చప్పట్లు వినిపించాయి. బూడిదరంగు గడ్డం, రెప్పలు లేని కళ్ళు, మెడలో రాళ్ళపేరు. ధూళికేతుడు మెట్లు దిగుతూ వచ్చాడు.

"కుమ్మరిదానా, ఆ చిందు ఇంకోసారి వెయ్యి."

"మా అక్కకు కాళ్ళ తిమ్మిరి స్వామీ," అన్నాడు పోలన. "మా అమ్మకూ ఉండేది."

"నీకు లేదా?"

"నాకు నోటి తిమ్మిరి. అందరూ అదే అంటారు."

"అయితే నువ్వు దిగి ఎక్కు. చూద్దాం."

పోలన దిగాడు. మన్ను పాదాలకు ముద్దగా అంటింది. ఎక్కాడు. ఒక అడుగు, రెండు అడుగులు, మూడు అడుగులు వేశాడు. మడమలు తట్టలేదు. పుట్టి బుద్ధెరిగాక సొంత మన్ను కాళ్ళకు అంటించుకుని గట్టు దాటి నడవడం అతనికి అదే మొదలు. కాళ్ళు మాంత్రికుడి మాట విన్నాయి గాని ముఖం వినలేదు. తల్లి మీద చెయ్యి చేసుకున్నవాడి ముఖం అది.

"మెట్టవాళ్ళే," అన్నాడు ధూళికేతుడు. "పట్టుకోండి."

పదిమంది మీద పడ్డారు. కామసాని ఇద్దరిని కరిచింది, ఒకడి గడ్డం సగం ఊడపీకింది. సంచి లాక్కుని సామపిండి నేలపాలు చేశారు. పోలన మొలలో ఉలిని మాత్రం ఎవరూ తడమలేదు. ఇద్దరినీ ఈడ్చుకుపోయి కోట అడుగున తిరగలి గుహలోకి తోశారు.

అది గుహ కాదు, కొండంత కడుపు. మధ్యలో రెండు కొండరాళ్ళు ఒకదాని మీద ఒకటి గిర్రున తిరుగుతూ బండలను పిండి చేస్తున్నాయి. వాటిని తిప్పుతున్నది గాలి. తాటిచెట్టంత పొడుగు, ఎముకల్లేని ఒళ్ళు, ఒక్క క్షణం నిలవని జుట్టు. మెడకు తాడు, తాడు కొస ఒక గుంజరాయికి కట్టి ఉంది. తూర్పు గూట్లో ఎర్రటి బట్టతల రాక్షసుడు, గొలుసులతో. అతడు ఎండ. ఎదురుగా పడమటి గూట్లో తెల్లజుట్టు ముసలమ్మ, గొలుసులతో. ఆమె చలి. ఉత్తరపు గోడ వెనక ఏదో ఆగకుండా గుద్దుతున్న చప్పుడు. అది నీరు.

పైనుంచి ధూళికేతుడు వంగి చూశాడు. "పదివేల ఏళ్ళ పని పది నెలల్లో చేయిస్తున్నాను. నేలను పుట్టించే నలుగురూ నా బంట్లు. మధ్యాహ్నం మీ మన్ను వచ్చిపడుతుంది, రాజు నాకు అర్ధరాజ్యం రాసిస్తాడు. ఆ పైన మీరూ తిరగలిలోకే."

"నీ పొడిలో ఏడుసార్లు విత్తనం వేశావని దారిపొడుగునా చెప్పుకుంటున్నారు," అంది కామసాని. "ఒక్కటైనా మొలిచిందా?"

అతడు మెడలోని రాళ్ళపేరు తడుముకున్నాడు.

"మొలవదు. రాయిని పొడి చెయ్యడం మాకూ వచ్చు, గాడిద తొక్కినా అవుతుంది. పొడి మన్ను కాదురా. అందులో ఎన్ని ఆకులు కుళ్ళాలి, ఎన్ని పురుగులు పుట్టి చావాలి, ఎన్ని వేళ్ళు పాకాలి. నువ్వు నలుగురిని కట్టేశావు గాని వానపామును కట్టగలిగావా? దానికి మెడ లేదు, తాడు నిలవదు. అందుకే మా ఇళ్ళ మీద పడ్డావు. చేతగానివాడివి. నీకు మంత్రాలు వచ్చు గాని ఓపిక లేదు. మావాళ్ళు నాలుగు వందల ఏళ్ళు నెత్తిన మోశారు. నువ్వు ఒక్క తట్ట ఎత్తావా?"

ధూళికేతుడి కళ్ళు ఎర్రబడ్డాయి. గుహ మూత ధనాల్న పడింది.

పోలన మాత్రం అప్పటికే ఉత్తరపు గోడను వేళ్ళతో తడుముతున్నాడు. పదేళ్ళు కట్టలు కట్టిన చేతులు. ఒకచోట ఆగాయి.

"ఇక్కడ పొర ఉందక్కా. సన్నది." వెనక్కి తిరిగాడు. "తాతా, అవ్వా. మీరిద్దరూ ఈ ఒక్క చోటనే వంతులవారీగా చూస్తారా?"

"ఈ మనిషితోనా?" అంది చలి. "యుగాలుగా ఒకే రాయి మీద పని చేశాం. నేను వచ్చేసరికి ఇతను పోయేవాడు. ముఖం చూడలేదు కాబట్టి మర్యాద మిగిలింది. ఈ పది నెలలూ చూసి చూసి విసుగొచ్చింది."

"నాకు మాత్రం ముచ్చటగా ఉందా?" అని ఎండ గొణిగాడు.

"మీ తగువు తరువాత తీర్చుకోండి," అని కామసాని కసిరింది. "పొద్దు నెత్తికెక్కుతోంది. ఊరు పోతుంది. చూడండి ముందు."

ఆ గద్దింపుకు ఇద్దరూ ఉలిక్కిపడి చూశారు. ఎండ చూస్తే గోడ ఎర్రగా కాలింది. చలి చూస్తే తెల్లగా బిగుసుకుంది. ఎర్రన, తెల్లన, ఎర్రన, తెల్లన. నూరోసారికి టప్పుమని వెంట్రుకంత నెర్ర పడింది. పోలన ఉలి మొన అందులో నిలిపి, రాతిముక్కతో మోదాడు. నెర్ర జానెడైంది. మూరెడైంది. చెమట బొట్టంత నీరు బయటికొచ్చి, కొండను తాకి చూసి, ఆగింది.

"పక్కకు జరుగు," అని పోలన అక్కను తోసేశాడు.

గోడ పేలింది. నీరు పది నెలల కోపంతో పడింది. తిరగలి రాళ్ళు గులకరాళ్ళలా దొర్లిపోయాయి. రాతిపొడి బురదై గుహ నిండింది. గూళ్ళు కూలి గొలుసులు తెగితే ఎండ ఒక వైపు, చలి ఒక వైపు, వెనుదిరిగి చూడకుండా పోయారు. గుంజరాయి ఊడి కొట్టుకుపోతుంటే పోలన ఒక చేత్తో తాడు కొసను, ఒక చేత్తో అక్క కొప్పును పట్టుకున్నాడు. గాలి బుస్సున పైకి లేచింది. గుహ మూత ఎగిరింది. ఇద్దరూ గాలిపటాల్లా తేలి వెళ్ళి కోట పడమటి కొండకొమ్ము మీద పడ్డారు.

వెనక ఏడు ప్రాకారాల కింద నేల నానింది. వేళ్ళు లేని వాలు ఎంతసేపు నిలుస్తుంది? మొదట కెంపుల తోట కదిలింది, తరువాత కొలను, తరువాత మూడు బురుజులు. బంతిమొక్కలతో సహా ఎర్రమడి లోయలోకి జారి నదిలో కలిసింది. నది రక్తంలా ఎర్రబడి సాగింది. ఎక్కడో సముద్రం దగ్గర నెమ్మదించి, ఆ మన్నును దింపి, ఎవరికో పొలం చేస్తుంది. తొమ్మిదో మెట్టుకు మాత్రం రాదు. కామసాని పళ్ళు కొరుక్కుంటూ చూసింది.

"ఇక నన్ను వదలవయ్యా," అంది గాలి. "చెవిలో ఆజ్ఞ మోగుతోంది. పైడిమెట్టకు పోవాలి."

"ఆజ్ఞ ఇచ్చినవాడి కోటే కూలింది కదా."

"మంత్రం కూలలేదు. తాడు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ వెంట నడుస్తాను. అతడు మంత్రించిన గుంజరాయి కొట్టుకుపోయింది, ఇక మామూలు గుంజకు కడితే తెంపుతాను, బండకు కడితే లాగేస్తాను. మనిషి చెయ్యి ఒక్కటే ఆపుతుంది. ఆ చెయ్యి వదిలిందా, పైడిమెట్టే."

అక్కాతమ్ముళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. కామసాని చెయ్యి చాచింది.

"ఇటియ్యి. తట్టింది నా కాళ్ళు. తప్పు నాది."

"పై పన్నెండు మెట్లూ బోడిగా ఉన్నాయి," అన్నాడు పోలన తాడు మణికట్టుకు చుట్టుకుంటూ. "మూడు రోజుల్లో వాన దిగుతుంది. అడవి లేదు. ఆకురొట్ట కప్పాలి, అడ్డగట్లు వెయ్యాలి. లేకపోతే పైనుంచి వచ్చే నీరు కింద ముప్ఫై మెట్లనూ ఊడ్చేస్తుంది. నాకు రాయి పేర్చడమే వచ్చు. నీరు ఎటు పారుతుందో, మన్ను ఎక్కడ నిలుస్తుందో నీకే తెలుసు."

"వచ్చాక చూసుకుందాం. ఇద్దరం కలిసే పోదాం."

"ఇది వెంట ఉండగా ఊరికెట్లా పోతాం? పడమటికి తీసుకుపోతాను. నేల అయిపోయేదాకా నడిస్తే, అక్కడ ఒట్టి నీళ్ళ మీద ఇది ఎగరేసుకుపోయేదేముంది?"

"తిక్క వాగుడు వాగకు. తాడు ఇయ్యి. పోలా, నా మాట ఎప్పుడు విన్నావు కనక. ఇయ్యమంటున్నానా?"

ఎదుటి గుట్ట మీద గుర్రాల డెక్కలు వినిపించాయి. దుమ్ము కొట్టుకున్న గడ్డంతో ధూళికేతుడు ముందు, నలభై మంది భటులు వెనక. అదే క్షణంలో కొండకొమ్ము నడుమ మరో నెర్ర పడింది. కామసాని తూర్పు వైపు, పోలన పడమటి వైపు. నెర్ర బారెడైంది, పది బారలైంది. లోపల నీరు మట్టిని తోడేస్తోంది.

"సంచిలో బెల్లం కూడా లేదు నీకు," అని అరిచింది కామసాని. "ఏం తింటావురా అంత దూరం?"

"గాలి," అన్నాడు పోలన. నవ్వాడు కూడా. తాడు భుజానికి వేసుకుని, మొండి గిత్తను తోలుకుపోయేవాడిలా పడమటి గండి వైపు మళ్ళాడు. గాలి సణుగుతూ వెనకే నడిచింది. అది నడిచిన మేర పొడినేల అంతా తెల్లని తెరలా లేచి అతణ్ణి కప్పేసింది.

కామసాని తిడుతూ పరుగెత్తింది. తమ్ముణ్ణి తిట్టింది, గాలిని తిట్టింది, తన మడమలను తిట్టింది. కొండ దిగి, వరద పొడినేలను చీల్చిన బాట పట్టి, ఎర్రవాగు వైపు ఉరికింది. వెనక డెక్కల చప్పుడు దగ్గరవుతోంది. మొదటి బాణం ఆమె చెవి పక్కనుంచి పోయి నేలలో దిగబడింది. దాటవలసిన వాగు ఇంకా చాలా ముందుంది. ఆకాశం నైరుతి మూలన నల్లబడుతోంది. మూడు రోజులన్నాడు, అంత గడువు లేదని ఆమెకు అర్థమైంది.

జ్యేష్ఠ బహుళ ఏకాదశి, మంగళవారం, పొద్దు నడినెత్తికి వచ్చిన వేళ పోలన పడమటి గండి దాటాడు. అతడు తిరిగి రాలేదు.